పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి ఇద్దరమే కలకత్తా: శని, ఆదివారాల్లో ఏం చూడొచ్చు, ఎలా వెళ్లాలి?

తీరం_వైజాగ్ అడిగారు:

మాది విశాఖ. జనవరి చివర్లో ఒక శని, ఆదివారం నేనూ మా ఆవిడా ఇద్దరమే కలకత్తా వెళ్దామనుకుంటున్నాం. బాబుకి ఆరేళ్లు, పాపకి మూడేళ్లు (14 కేజీలు). ఇద్దర్నీ విజయనగరంలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉంచుతాం. మేమిద్దరం లేకుండా పాప రాత్రి పడుకోవడం ఇదే మొదటిసారి.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరాలి. తప్పదంటే సోమవారం సెలవు పెట్టగలను. మాల్స్, పార్కులు వద్దు. పాత వీధులు, మ్యూజియం, నది, మంచి తిండి ఉంటే చాలు. తను శాకాహారి. నేను చేప తింటాను గానీ ముళ్లతో కష్టం. రైలా, విమానమా? ఎక్కడ దిగాలి? రెండు రోజుల్లో ఏం పడతాయి? పిల్లల విషయంలో ముందే ఏం సర్దిపెట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

పట్టాలపక్క:

ప్రయాణం సంగతి నేను చెప్తాను, ఊళ్లో తిరగడం గురించి మిగతావాళ్లు చెప్తారు.

శుక్రవారం సాయంత్రం అందేది కోరమాండల్. విశాఖలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఎక్కితే తెల్లారి పదకొండు ప్రాంతంలో దింపుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: కోరమాండల్ ఇప్పుడు హౌరాకి వెళ్లదు, షాలిమార్‌లో ఆగిపోతుంది. షాలిమార్‌కి మెట్రో లేదు. రైలు దిగిన జనమంతా ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు కాబట్టి అరగంట నిలబడాల్సి రావచ్చు. రైలు ఊళ్లోకి వస్తుండగానే బుక్ చేసి ఉంచండి. రెండో హుగ్లీ వంతెన మీదుగా పార్క్ స్ట్రీట్ దగ్గరే. హౌరాలో దిగుతామనుకుని అటువైపు హోటల్ తీసుకుంటే మాత్రం తిరుగుడు తప్పదు.

తిరుగు ప్రయాణానికి కోరమాండల్ పనికిరాదు. షాలిమార్‌లో మధ్యాహ్నం మూడు దాటగానే కదులుతుంది, అంటే ఆదివారం సగం పోయినట్టే. హౌరా–చెన్నై మెయిల్ అయితే హౌరాలో అర్ధరాత్రికి కాస్త ముందు ఎక్కొచ్చు, విశాఖకి సోమవారం మధ్యాహ్నం చేరుతుంది. ఆదివారం పూర్తిగా దక్కుతుంది, సోమవారం సెలవు పోతుంది.

నా ఓటు: శుక్రవారం రాత్రి విమానంలో వెళ్లి, ఆదివారం రాత్రి మెయిల్‌లో రండి. రెండు రాత్రుల రైలు కన్నా ఒక రాత్రి హోటల్ పక్క మీద పడుకోవడం శనివారానికి చాలా మేలు చేస్తుంది. జనవరిలో కలకత్తాలో తెల్లవారుజామున మంచు పట్టి విమానాలు ఆలస్యమవుతాయి. కాబట్టి శనివారం పొద్దున్న ఫ్లైట్ వద్దు, సాయంత్రందే చూసుకోండి.

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. ఇద్దరే కాబట్టి సెకండ్ ఏసీలో సైడ్ లోయర్, సైడ్ అప్పర్ జంటగా దొరికితే వదలకండి. కర్టెన్ వేసుకుంటే ఆ కిటికీ మీ ఇద్దరిదే. ఫస్ట్ ఏసీలో ఇద్దరికే ఉండే కూపే కూడా ఉంటుంది గానీ, అది చార్టు వేసేటప్పుడు కేటాయిస్తారు, టికెట్ కొన్నంత మాత్రాన ఖాయం కాదు. రైళ్ల వేళలు ఒకసారి సరిచూసుకుని బుక్ చేయండి, టైమ్‌టేబుల్ మారుతూ ఉంటుంది.

---

హుగ్లీగట్టు:

ముందు హోటల్. గూగుల్‌లో చూస్తే న్యూటౌన్, రాజర్‌హాట్, సాల్ట్ లేక్ వైపు పెద్ద గదులు తక్కువ ధరకి కనిపిస్తాయి. తీసుకోవద్దు. అవి విమానాశ్రయం, ఐటీ ఆఫీసుల మనుషులకి పనికొస్తాయి. మీరు చూడాల్సిన ఊరు అక్కణ్నుంచి ట్రాఫిక్‌లో గంట దూరం. పార్క్ స్ట్రీట్, కామాక్ స్ట్రీట్, సడర్ స్ట్రీట్ చుట్టుపక్కల గది చిన్నదైనా సరే, పార్క్ స్ట్రీట్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి. ఇద్దరి ఆధార్ ఒరిజినల్స్ దగ్గర ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొన్ని హోటళ్లలో ఒప్పుకోరు.

2025 ఆగస్టు నుంచి విమానాశ్రయానికి మెట్రో ఉంది. జై హింద్ స్టేషన్‌లో ఎక్కి, నోవాపాడాలో లైను మారితే నేరుగా పార్క్ స్ట్రీట్. రాత్రి బాగా పొద్దుపోయాక దిగితే మెట్రో ఆగిపోతుంది, అప్పుడు క్యాబే. పసుపు టాక్సీ కావాలంటే యాత్రీ సాథీ యాప్‌లో పిలవండి, బేరం బాధ ఉండదు.

ఇక రెండు రోజుల సంగతి. కలకత్తాలో వారాంతం ప్లాన్‌ని పాడుచేసేవి రెండు. ఒకటి, ఏది ఏ రోజు మూస్తారో చూసుకోకపోవడం. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల కొట్లు ఆదివారం చాలావరకు మూతే. డల్హౌసీ ఆఫీసుల దగ్గర తిండి బళ్లు కూడా ఆదివారం ఉండవు. విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం సోమవారం సెలవు, మీకు ఇబ్బంది లేదు. రెండోది పొద్దు. విశాఖ కన్నా అక్కడ దాదాపు అరగంట ముందే చీకటి పడుతుంది. జనవరి చివర్లో అయిదుంపావు ప్రాంతానికే సూర్యాస్తమయం. మన లెక్కలో సాయంత్రం ఆరింటికి నది ఒడ్డుకి వెళ్తే మిగిలేది చీకటే.

అందుకని ఉత్తరం వైపు శనివారం, మధ్య ఊరు ఆదివారం.

శనివారం. తొమ్మిదికల్లా పార్క్ స్ట్రీట్‌లో మెట్రో ఎక్కి శోభాబజార్ సూతానుటిలో దిగండి. పది నిమిషాలు నడిస్తే కుమార్‌టులి, విగ్రహాలు చేసే కుమ్మరుల వీధులు. దసరా ముందు వెళ్తేనే చూడాలంటారు గానీ, నన్నడిగితే జనవరే మంచిది. దసరా ముందు సందుల్లో కాలు పెట్టే చోటుండదు. జనవరిలో సరస్వతీ పూజ కోసం జానెడు బొమ్మ నుంచి నిలువెత్తు విగ్రహం దాకా వరసగా ఆరబెట్టి ఉంటాయి. ఒక్క కొట్టు ముందు పావుగంట నిలబడి చూడండి. ముందు వెదురు చట్రానికి వరిగడ్డిని కట్టలు కట్టి, జనపనార తాడుతో బిగించి నడుము, చేతులు, మెడ తెస్తారు. దాని మీద ఊక కలిపిన జిగట మట్టి. అది ఆరేటప్పుడు నెర్రెలు విచ్చుతుంది. ఆ పగుళ్ల మీద పల్చటి మట్టినీళ్లలో ముంచిన గుడ్డ పీలికలు అతికించి, తడి చేత్తో నునుపు చేస్తారు. ముఖం, వేళ్లు విడిగా చేసి తెచ్చి అతుకుతారు. ఫొటో తీసే ముందు అడగండి, పనివాళ్లకి అడ్డం నిలబడకండి. ఆరని విగ్రహానికి బ్యాక్‌ప్యాక్ తగిలితే వాళ్ల రెండు రోజుల పని పోతుంది. బ్యాగు ముందుకి వేసుకోండి.

అక్కణ్నుంచి మెట్రోలోనే మహాత్మా గాంధీ రోడ్ స్టేషన్. పది నిమిషాల నడకలో కాలేజ్ స్ట్రీట్. పన్నెండు లోపు వెళ్తే సగం కొట్లు తెరవరు. పైన కాఫీ హౌస్‌లో ఫిల్టర్ కాఫీ ఆశించకండి, అక్కడి పద్ధతి వేరు. పాలు లేనిదాన్ని ఇన్‌ఫ్యూజన్ అంటారు. ఆ ఎత్తైన హాలు, తలపాగా సర్వర్లు, బల్లబల్లకీ ఒక వాదన, వీటికోసం వెళ్లాలి. పై అంతస్తు బాల్కనీలో రెయిలింగ్ పక్క బల్ల దొరికితే కింద హాలంతా కనిపిస్తుంది.

మూడున్నరకల్లా అక్కణ్నుంచి కదలండి. నాలుగున్నరకి ప్రిన్సెప్ ఘాట్. అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీద కట్టిన మండపం అది. పక్కన రేవులో చెక్క పడవలు ఉంటాయి. ఎక్కే ముందు రెండు మాటలు తేల్చుకోండి: ఎంతసేపు, మొత్తం పడవకెంత. మనిషికా, పడవకా అన్నది తేల్చుకోకపోతేనే ఒడ్డుకొచ్చాక గొడవ. అరగంట చాలు, వంతెన కింద నుంచి పొద్దు గుంకడం చూడొచ్చు. స్వెటర్ తీసుకెళ్లండి, నీళ్ల మీద చలి కొడుతుంది.

ఆదివారం. పొద్దున్న కష్టపడి లేవాల్సింది ఈ ఒక్క రోజే. మెట్రో ఆదివారం ఆలస్యంగా, తొమ్మిది ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి క్యాబ్‌లో వెళ్లండి. ఆరున్నరకి టిరెట్టా బజార్, పొద్దార్ కోర్టు పక్కన. అక్కడి చైనీస్ కుటుంబాలవాళ్లు ఆవిరి మీద ఉడికించిన బన్నులు, డంప్లింగులు అమ్ముతారు. ఎనిమిదయ్యేసరికి గిన్నెలు ఖాళీ. చాలావరకు మాంసంతోనే చేస్తారు, మీ ఆవిడకి అక్కడ పెద్దగా ఏం దొరకదు. ఆవిడ టిఫిన్ ముందే చూసుకోండి.

అక్కణ్నుంచి హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్ పూలబజారు. బంతిపూల దండలు తాళ్ల చుట్టల్లా నెత్తిన పెట్టుకుని కూలీలు పరుగు మీద వస్తుంటారు, వాళ్లకి దారి ఇవ్వాలి. కింద నీళ్లు, నలిగిన పూలు కలిసి బురదగా జారుతుంది. పట్టున్న బూట్లే వేసుకోండి, చీరకుచ్చిళ్లు నేలకి తగిలితే పాడవుతాయి. ఘాట్ మెట్ల మీద నిలబడితే వంతెన పూర్తిగా కనిపిస్తుంది. 1943లో రాకపోకలకి తెరిచిన ఈ వంతెనలో నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. అటు నడిచి వెళ్లి, హౌరా స్టేషన్ రేవులో ఫెర్రీ ఎక్కి ఇటు ఒడ్డుకి రండి. చిల్లర డబ్బులతో అయిపోయే టికెట్టు. నది కింద నుంచి వెళ్లే మెట్రో కూడా ఉంది, 2024 మార్చిలో మొదలైంది. నీళ్ల కింద ఉండేది ముప్పావు నిమిషమే, కాబట్టి అదొక్కటీ చూడ్డానికి వేరే టైం పెట్టకండి.

పదింటికి ఇండియన్ మ్యూజియం. 1814లో పుట్టిన సంస్థ, అంతా చూడాలంటే రెండు రోజులు చాలవు. రెండు గంటలే ఉంటే భర్హూత్ గ్యాలరీ దగ్గర మొదలుపెట్టండి. భర్హూత్ అనే ప్రాచీన బౌద్ధ స్తూపం చుట్టూ ఉండిన ఎర్ర ఇసుకరాతి ప్రాకారం అది. దాని మీద జాతక కథలు, పక్కనే బ్రాహ్మీలో వాటి పేర్లు. ఇక్కడ మన అమరావతి శిల్పాలు కూడా కొన్ని ఉన్నాయి, వెతికి చూడండి.

వాటిని ఇటు పంపిన బ్రిటిష్ సర్వేయర్ కల్నల్ కాలిన్ మెకంజీని సమాధి చేసింది కూడా ఈ ఊళ్లోనే, పార్క్ స్ట్రీట్ తూర్పు చివర సౌత్ పార్క్ స్ట్రీట్ సెమెటరీలో. 1821 మేలో చనిపోయారు. మన ఊళ్ల కైఫీయతులు (ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు) నిలిచాయంటే ఆయన వల్ల, ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరుల వల్ల. తెలుగువాళ్లు కలకత్తా వెళ్లి ఇక్కడ ఆగకుండా వచ్చేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. 1767 నాటి శ్మశానం, చెట్ల నీడలో గోపురాల్లాంటి సమాధులు, లోపలికి అడుగుపెట్టగానే హారన్ల మోత తగ్గిపోతుంది. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ నడవడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ ఊళ్లో లేదు. మూడింటికల్లా చేరండి, సాయంత్రం తొందరగా మూసేస్తారు. దోమల క్రీము రాసుకోండి.

విక్టోరియా మెమోరియల్‌కి ఆదివారం మధ్యాహ్నం జనం విపరీతం. తోట పొద్దున్నే తెరుస్తారు. శనివారం కుమార్‌టులికి ముందు అరగంట తోటలో నడిచి, బయట నుంచి చూసి వచ్చేయండి.

---

రుచిపచి:

శాకాహారం గురించి. బెంగాలీలో 'నిరామిష్' అనాలి. ఉత్త 'వెజ్' అంటే కూరగాయల కూర అనుకుని తెస్తారు, అందులో చిన్న రొయ్యలు ఉండొచ్చు. ముఖ్యంగా సొరకాయ, అరటిపువ్వు కూరల్లో రొయ్యలు వేసే అలవాటుంది. పప్పులో చేప తలకాయ వేసి వండే రకమూ ఉంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే 'మాఛ్, చింగ్రి కిచ్ఛు నా' అని చెప్పండి, చేప, రొయ్య ఏదీ వద్దని. లూచీ (మైదా పూరీ), కొబ్బరి ముక్కలు వేసిన శనగపప్పు, ఆలూ పోస్తో (గసగసాలతో) ఆవిడకి నచ్చుతాయి. కూరల్లో కాస్త పంచదార తగులుతుంది, కారం మన లెక్కలో లేనట్టే. ఆవనూనె ఘాటు మొదటి ముద్దకి ముక్కుకెక్కుతుంది, మూడో ముద్దకి అలవాటవుతుంది.

మీకు చేప: ఇలిష్ జోలికి పోకండి. మన పులసే అది, వెంట్రుకల్లాంటి ముళ్లు. భేట్కి పాతురీ అడగండి. ముల్లు తీసేసిన పండుగప్ప ముక్కకి ఆవముద్ద, కొబ్బరి పట్టించి, అరటాకులో చుట్టి ఆవిరి మీద వండుతారు. ఆకు విప్పగానే వచ్చే వాసన మన ఆవపెట్టిన కూరలకి చుట్టమే.

పార్క్ స్ట్రీట్‌లో పేరున్న పాత రెస్టారెంట్లకి శనివారం రాత్రి ఎనిమిది దాటాక వెళ్తే గంట క్యూ. ఏడింటికే వెళ్లండి, లేదా భోజనం మధ్యాహ్నానికి మార్చుకోండి. బిర్యానీలో బంగాళదుంప ఉంటుంది, అది కలకత్తా పద్ధతి.

జనవరిలో వెళ్తున్నారు కాబట్టి నొలెన్ గుడ్ (కొత్త బెల్లం) సందేశ్ అనే పాలవిరుగుడు మిఠాయి తినకుండా రావద్దు. చలికాలంలో గీసిన ఈతచెట్టు నీరా బెల్లంతో చేస్తారు, మార్చి వస్తే ఉండదు.

---

పిల్లలవార్డు:

పిల్లల విషయానికి వస్తాను. అందరూ బట్టలు, బొమ్మలు సర్ది, మందు దగ్గర తప్పు చేస్తారు.

పారాసెటమాల్ సిరప్ మార్కెట్లో ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములది, 250 మిల్లీగ్రాములది. ఒక్కసారికి మోతాదు కేజీకి 15 మిల్లీగ్రాములు. 14 కేజీల పాపకి 210 దాటకూడదు. అంటే 250 సీసా అయితే 4 మిల్లీలీటర్లు, 120 సీసా అయితే 8. మీ ఇంట్లో 120 సీసాకి అలవాటుపడి 'ఎనిమిది పోయండి' అని చెప్పి వెళ్తే, తాతగారు పక్క మందుల షాపులో 250 సీసా తెచ్చి అదే ఎనిమిది పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. అందుకని మీ డాక్టర్‌ని అడిగి ఖాయం చేసుకుని, సీసా మీరే కొని, కొలగ్లాసు మీద మార్కర్‌తో గీత పెట్టి ఇవ్వండి. డోసుకీ డోసుకీ ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు. దాంతోపాటు జలుబు సిరప్ ఇవ్వొద్దని చెప్పండి. చాలా జలుబు మందుల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది.

పెద్దవాళ్ల ఇంట్లో చూసుకోవాల్సినవి వేరే. తాతగారి బీపీ, షుగర్ మాత్రలు దిండు పక్కనో టీవీ బల్ల మీదో ఉంటాయి, వెళ్లగానే పైఅరలోకి మార్చండి. సంపు మూత, మేడమెట్ల గేటు చూడండి. స్నానానికి బకెట్లో ముందు చన్నీళ్లు పోసి ఆపైన వేణ్నీళ్లు కలపమనండి. ఉత్త వేణ్నీళ్ల బకెట్ పక్కన మూడేళ్ల పాపని ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అతికించండి: ఇద్దరి బరువులు, పడని మందులు, పిల్లల డాక్టర్ నంబరు, రాత్రి తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రి, మీ హోటల్ నంబరు. ఇన్సూరెన్స్ కార్డు జిరాక్సు, టీకాల పుస్తకం, ఒక కవర్లో అయిదు వేల నగదు పక్కన పెట్టండి. రాత్రిపూట యూపీఐ మొరాయిస్తే ఆ కవరే ఆదుకుంటుంది.

పాప నిద్ర సంగతి: ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి మీరు వచ్చేయండి. ఏడ్చినా, ఏమైనా, గంటా గంటన్నరలో విజయనగరం చేరగలరు. అసలు వెళ్లే రోజున నిద్రపుచ్చి జారుకోవద్దు. లేచి వెతుక్కుంటుంది, ఆ తర్వాత రాత్రుళ్లు నిద్రపోవడానికే భయపడుతుంది. 'రెండు నిద్రలు అయ్యాక వచ్చేస్తాం' అని చెప్పి, ఎదురుగానే చెయ్యి ఊపి వెళ్లండి. సోమవారం మధ్యాహ్నం రైల్లో వస్తుంటే మూడు నిద్రలని చెప్పాలి. లెక్క తప్పితే నమ్మకం పోతుంది. ఆ వయసుకి తేదీలు తెలియవు గానీ నిద్రలు తెలుస్తాయి. మీ ఆవిడ వాడిన చున్నీ ఒకటి ఉతక్కుండా ఇవ్వండి.

వీడియో కాల్ పొద్దున్న టిఫినయ్యాక ఒకసారి, సాయంత్రం ఆటయ్యాక ఒకసారి. పడుకునే ముందు వద్దు, అప్పటిదాకా బాగున్న పిల్ల కూడా ముఖం చూడగానే ఏడుపు మొదలుపెడుతుంది.

---

గంగఒడ్డు:

దక్షిణేశ్వర్, బేలూరు మఠం ఎవరూ చెప్పలేదేం? అంతదూరం వెళ్లి కాళీమాతని చూడకుండా ఎలా వస్తారు?

---

హుగ్లీగట్టు:

చూడొచ్చు, కానీ దానికి ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. మెట్రో దక్షిణేశ్వర్ దాకా వెళ్తుంది, గుడి స్టేషన్ పక్కనే. ఫోను, బ్యాగు లోపలికి రానివ్వరు, కౌంటర్లో పెట్టాలి. ఆ వరసా దర్శనం వరసా కలిపి ఆదివారం రెండు గంటల పైనే. అక్కణ్నుంచి పడవలో బేలూరు. రెండుచోట్లా మధ్యాహ్నం మూసేస్తారు. పదకొండింటికి బయల్దేరినవాళ్లు రెండు గేట్ల ముందూ ఎండలో కూర్చుంటారు. వెళ్లాలనుంటే శనివారం కుమార్‌టులి, కాలేజ్ స్ట్రీట్ మానేసి పొద్దున్న ఏడింటికి వెళ్లండి. రెండూ ఇరికిస్తే రెండూ మిగలవు.

---

తీరం_వైజాగ్:

అందరికీ చాలా థాంక్సండి. శుక్రవారం విమానం, ఆదివారం మెయిల్ ఖాయం చేస్తున్నాం. పాపకి మూడు నిద్రలని చెప్తాం. దక్షిణేశ్వర్ ఈసారికి ఆపుతాం, పిల్లలతో వెళ్లినప్పుడు చూస్తాం. చివరిగా ఒకటి: మిఠాయిలు ఆదివారం కొంటే సోమవారం విజయనగరం చేరేదాకా ఆగుతాయా?

---

రుచిపచి:

సందేశ్‌లో రెండు పాకాలు. 'నరమ్ పాక్' మెత్తగా, తడిగా ఉంటుంది. ఫ్రిజ్ లేకపోతే మర్నాటికి పులుస్తుంది, అక్కడే తినేయండి. 'కడా పాక్' గట్టిగా పొడిపొడిగా ఉంటుంది, చలికాలంలో రెండు రోజులు ఆగుతుంది. కొట్లో 'ట్రైన్‌లో తీసుకెళ్లాలి, కడా పాక్ ఇవ్వండి' అంటే వాళ్లే అట్టపెట్టెలో సర్దిస్తారు. ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు, చెమ్మ పట్టి పైన జిగురొస్తుంది. రసగుల్లాలు సీలు వేసిన డబ్బాల్లోవే తీసుకోండి. మట్టికుండలో మిష్టీ దోయ్ మాత్రం వద్దు. బెర్తు కింద పెడితే ఎవరి సూట్‌కేసో తగిలి పగులుతుంది, ఆ పెరుగు బట్టల్లోంచి వదలదు. పిల్లలకి ఏదైనా ప్రత్యేకంగా తేవాలంటే శంఖం, చేప, మామిడిపండు ఆకారాల అచ్చుల్లో చేసిన కడా పాక్ సందేశ్ అడగండి.